తంగేడుపూవు – తంగేడుచెక్క

కొన్ని సంవత్సరముల క్రిందట బతుకమ్మ పాటలను ధ్వనిముద్రణము చేయుటకై మేము ఉత్తర తెలంగాణములోని యొక గ్రామమునకు వెళ్ళితిమి. చెరువుకట్టపై స్త్రీలు గుమిగూడకమునుపే వాన పట్టుకొన్నది. యంత్రములు తడియకుండ వానిని వాహనములో భద్రపరచి, నేను ఊరిచివర నున్న యొక పెంకుటింటి చూరు క్రింద నిలుచుంటిని. ఆ యిల్లు చెప్పులు కుట్టు ఒక వృద్ధునిది. ఆయన నాకు అరుగుపై చోటిచ్చి కూర్చుండబెట్టెను. గ్రామస్త్రీలు మాకు పంపిన తంగేడుపూల బుట్ట యొకటి నా చేతిలో నుండెను. దానిని చూచి ఆయన నవ్వెను. ఈ పూవును గురించి అడుగుటకు పట్టణమునుండి ఏటేట ఎవరో యొకరు వచ్చుచునే యున్నారనియు, దీని చెక్కను గురించి మాత్రము ఇంతవరకు ఎవరును అడుగలేదనియు ఆయన చెప్పెను.

అప్పటికే నా చేతిపుస్తకములో తంగేడుపూవును గూర్చి మూడు పుటలు వ్రాసికొనియుంటిని. చెక్కను గూర్చి ఒక్క పంక్తియు లేదు. ఆ లోటును తీర్చుకొను ప్రయత్నమే ఈ ప్రసంగము.

ఒక పొదకు చరిత్ర యేమని శ్రోతలు అడుగవచ్చును. రాజుల చరిత్రకు శాసనములు కలవు. కోటల చరిత్రకు గోడలు కలవు. బీటినేలలో తనంత తాను మొలచు తంగేటికి అట్టి సాక్ష్యములు లేవు. అయినను కమ్మరి కొలిమి, చర్మకారుని తొట్టి, రైతు బావి, ఆడుబిడ్డల పండుగ అను నాలుగు చోట్లను వెదకినచో దీని కథ కొంతవరకు దొరకును. ఆ కథ మన పల్లెల కథయే.

ముందుగా మొక్కను పరిచయము చేసికొందము. తంగేడు మహావృక్షము కాదు, తీగయు కాదు. మొదటినుండియే కొమ్మలు వేయు గుబురుపొద. సామాన్యముగా మనిషి యెత్తు పెరుగును. నేల మంచిదైనచో అంతకు మించియు పెరుగును. దీని బెరడు దాల్చినచెక్క వన్నె గలిగి నునుపుగా నుండును. ఒక్కొక్క ఈనెకు 8 మొదలు 12 జతల వరకు చిన్న ఆకులు అమరియుండును. ఈనె మొదట చెవితమ్మెను పోలిన వెడల్పు రేకులు రెండు కనబడును. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన 'ఆరిక్యులేటా' యను లాటిన్ పేరునకు చెవులు గలదని యర్థము. ఆ పేరు ఈ రేకులను బట్టి వచ్చినదే.

పూవు బంగారు పసుపువన్నెది. రేకులు 5, కేసరములు 10. అందులో పై మూడును వట్టివి. ఈ పూవులో తేనె లేదు. తుమ్మెదలు దీనికడకు వచ్చునది పుప్పొడి కొఱకే. ఆ పుప్పొడియు కేసరముల కొనయందలి సన్నని రంధ్రములలో దాగియుండును. పెద్ద తుమ్మెద పూవును గట్టిగ పట్టుకొని తన దేహమును అదరించి ఝుంకారము చేయును. ఆ యదురునకు పుప్పొడి జలజల రాలును. వాన వెలసిన ప్రొద్దున తంగేడుపొద దగ్గర నిలిచినవారు ఈ నాదమును స్పష్టముగా వినగలరు. పిదప వచ్చు కాయలు బల్లపరుపుగా, కాగితమువలె పలుచగా నుండును. ఒక్కొక్క కాయలో 12 మొదలు 20 వరకు గింజలుండును.

దక్కను పీఠభూమి, రాయలసీమ, తమిళదేశపు మెట్టలు, సింహళపు ఎండుభూములు దీని స్వస్థలములు. ఎఱ్ఱనేలయైనను నల్లనేలయైనను, గులకరాతి గట్టైనను దీనికి సమ్మతమే. సామాన్యముగా పశువులు దీనిని ముట్టవు. మందలు తిరుగు ఊరుమ్మడి బీళ్ళలో ఇతర మొక్కలు మేతకు పోగా తంగేడు నిలిచియుండుటకు ఇది యొక ముఖ్యకారణము. ఎవరి సొత్తును కాని నేలపై పెరుగుటచేత ఇది భూమిలేని పేదలకు అందుబాటులో నున్న మొక్క యైనది.

మనము తంగేడు అనునట్లే కన్నడిగులు తంగడి, ఆవరికె అందురు. తమిళులు ఆవారై, ఆవిరై అందురు. మరాఠీలో తరవడ, సింహళములో రణవర, సంస్కృతములో ఆవర్తకి అని పేర్లు. స్వీడన్ దేశీయుడైన లిన్నేయసు 1753లో దీనిని కేసియా యను జాతిలో చేర్చెను. తరువాత దీనిని సెన్నా జాతిలో చేర్చినవాడు మన తెలుగుదేశమునకు పరిచితుడే. ఆయన విలియం రాక్స్‌బర్గు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా వచ్చి, 18వ శతాబ్ది చివరి దశకములలో గోదావరీ ప్రాంతమందలి సామర్లకోటలో తోట వేసి, సర్కారు జిల్లాల మొక్కలను శ్రద్ధతో పరిశీలించి, 1793లో కలకత్తాకు పోయిన పండితుడు. ఆయన మరణించినది 1815లో. తంగేటికి ఆయన పెట్టిన పేరు గల గ్రంథము అచ్చైనది 1832లో. నడుమ కొంతకాలము శాస్త్రజ్ఞులు మరల పాత పేరునే వాడినను, నేడు రాక్స్‌బర్గు పేరే స్థిరపడినది.

పండితులకంటె ముందే కవులు దీనిని ఎఱుగుదురు. తమిళుల ప్రాచీన సంగమసాహిత్యములో ఒక వింత యాచారము వర్ణింపబడినది. వలచిన కన్య దక్కని యువకుడు తాటిమట్టలతో చేసిన గుఱ్ఱము నెక్కి, జిల్లేడు, తంగేడు మొదలగు పూలను ధరించి, సిగ్గు విడిచి ఊరివీథిలో తిరుగునట. అతని దుఃఖమునకు గుర్తుగా నున్నది ఈ పూవు. అదే తమిళదేశములో సంక్రాంతికి ముందునాడు ఇంటి చూరునకును పొలము గట్టునకును వేపరెమ్మతో పాటు తంగేడుపూవును రక్షగా కట్టుదురు. ఒకే పూవు ఒకచోట అవమానమునకు, మఱియొకచోట మంగళమునకు గుర్తైనది. దీని భాగ్యము మొదటినుండియు ఇట్టిదే.

ఇక కొలిమిని చూతము. ప్రాచీనకాలమునుండి దక్షిణభారతపు ఉక్కు పశ్చిమాసియాకు ఎగుమతి యగుచు, అచట దమస్కసు కత్తులని పేరొందిన ఆయుధములకు ముడిసరుకైనది. ఐరోపావారు దీనిని వూట్జు అనిరి. మన ఉక్కు అను మాటయే వారి నోట నట్లు మారినదని పండితుల యభిప్రాయము. దీని రహస్యమును కనుగొనుటకు 1819 ప్రాంతమున ఇంగ్లండులో మైకేల్ ఫారడే వంటి శాస్త్రజ్ఞుడును పరిశోధనలు చేసెను.

మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసి, పిదప పోర్టోనోవోలో ఇనుప కర్మాగారము పెట్టిన జోషయా మార్షల్ హీత్ 1839లో ఒక వ్యాసము ప్రకటించెను. మన కమ్మరులు ఉక్కు చేయు విధమును అందులో వివరించెను. మెత్తని ఇనుమును ముక్కలుచేసి మట్టిమూసలో నుంచుదురు. దానితో పాటు ఇనుము తూకములో పదియవ వంతు ఎండుకట్టెను సన్నగా తరిగి వేయుదురు. పైన ఒకటి రెండు పచ్చియాకులు కప్పి, మూతిని బంకమన్నుతో మూయుదురు. పిమ్మట ఇరువదికి పైబడిన మూసలను కొలిమిలో పేర్చి తిత్తులతో ఊదుదురు. ఆ ఆకు సామాన్యముగా జిల్లేడు. ఆ కట్టె తంగేడు.

ఇందులోని మర్మము నేడు అందఱకును తెలిసినదే. మెత్తని ఇనుములో కర్బనము మిక్కిలి తక్కువ. గాలి చొరని మూసలో కట్టె బొగ్గై, ఆ బొగ్గులోని కర్బనము కొంత ఇనుములోనికి ఎక్కును. అప్పుడది కరగి గట్టిపడి ఉక్కగును. మన కమ్మరికి కర్బనమను పేరు తెలియదు. ఏ కట్టె వేయవలెనో, ఎంత వేయవలెనో మాత్రము తెలియును. తండ్రినుండి కొడుకునకు వచ్చిన ఆ కొలతలో తంగేటికి స్థానము కలిగినది. 19వ శతాబ్దిలో యంత్రములతో చేసిన చౌక ఉక్కు వచ్చుటతో ఆ మూసలు చల్లారెను.

కొలిమినుండి తోలుపనికి వత్తము. పచ్చితోలు కుళ్ళిపోవు వస్తువు. ఎండబెట్టినచో బిరుసెక్కును, తడిపినచో మురుగును. దానిని కుళ్ళని, విరగని తోలుగా మార్చుటకు వగరు కావలెను. చెక్కలోని వగరుసారము తోలునందలి మాంసకృత్తుల పోగులను పట్టి బిగించును. రసాయనశాస్త్రమున దీనినే టానిన్ అందురు. తంగేడుచెక్కలో ఇది నూటికి సుమారు 18 పాళ్ళుండును. ఊరివెలుపల ఉచితముగా దొరకు పొదలో ఇంత సారముండుట మన చర్మకారుల పాలిటి వరమైనది.

ఆ వృద్ధుడు చెప్పిన క్రమమిది. చచ్చిన పశువు తోలును తెచ్చి, ఉప్పు నెత్తురు పోవునట్లు కడిగి, సున్నపునీటి తొట్టిలో కొన్ని దినములు నానవేయుదురు. రోమములు వదులైన పిదప మొద్దుకత్తితో గీచి తీసివేయుదురు. లోపలి మాంసపు పొరను రంపెతో చెక్కివేయుదురు. సున్నము పోవువఱకు మరల కడుగుదురు. తరువాత దంచిన తంగేడుచెక్కను నీటిలో నానవేసి, ఆ కషాయములో తోలును ఉంచుదురు. కొన్నాళ్ళయిన పిదప తోలును సంచివలె కుట్టి, వాసమునకు వ్రేలాడగట్టి, అందులో క్రొత్త చెక్కను నీటిని నింపుదురు. కుట్లలోనుండి కారు నీటిని క్రింద కుండలో పట్టి మరల పైన పోయుదురు. చెక్కసారము తోలు మందమంతయు ఎక్కువఱకు ఈ పని సాగును. కడపట కరక్కాయ నీటిలో ముంచి, నూనె రాచి, నీడలో ఆరబెట్టుదురు.

చెప్పుటకు నాలుగు మాటలే గాని చేయుటకు వారములు పట్టును. సున్నము చేతిచర్మమును తినివేయును. తొట్టి దుర్గంధము ఒంటిని వదలదు. ఆ తొట్టిని మన పల్లెలలో లంద యందురు. ఈ మాట కొందఱి నోట తిట్టుగా మారినదన్నచో, ఆ పనిని సంఘము ఏ చూపుతో చూచినదో తెలియుచున్నది.

కాని ఆ తోలు లేనిదే ఊరు లేదు. రైతు కాలికి చెప్పు, ఎద్దు మెడకు పట్టెడ, బండికి వారు, చెర్నకోలకు కొస – ఇవి అన్నియు అటుంచుడు. బావినీటి సేద్యమే తోలుపై నిలిచినది. విద్యుచ్ఛక్తి పంపులు రాకమునుపు మెట్ట ప్రాంతములలో బావికింద పంట పండవలెనన్నచో మోట తోలవలెను. మోటకు తోలుబొక్కెనయు, దాని క్రింద తోలుతొండమును కావలెను. ఎద్దులు వాలుబాటలో దిగునప్పుడు నిండుబొక్కెన పైకి వచ్చును. తొండము గుండ నీరు కాలువలో పడును. తెల్లవారకముందు మొదలుకొని ప్రొద్దెక్కువఱకు ఆ తోలు నీటిలో మునిగి తేలుచునే యుండును. చెక్కసారము చక్కగా ఎక్కని తోలైనచో ఒక్క కారుకైనను నిలువదు. వరిమళ్ళకు చేరిన ప్రతి బొక్కెన నీటియందును ఇట్లు తంగేటికి పాలు కలదు.

ఆ బొక్కెనను చేసినవాడు మాదిగవాడలో నుండెను. ఊరి పొలములకు నీరందించిన తోలు ఆయన చేతిపని. ఆయనకు మాత్రము ఊరిబావిలో కడవ ముంచు హక్కు లేకుండెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. చట్టము వచ్చి దశాబ్దములు గడచినను, ఆ బావుల జ్ఞాపకము మాత్రము ముసలివారి మాటలలో ఇంకను తడియారలేదు.

పల్లెలో ఇట్లుండగా, పట్టణములో తంగేడుచెక్క వేఱొక దారి పట్టినది. 19వ శతాబ్దిలో మద్రాసు పరిసరములందును, దక్షిణపు పట్టణములందును పెద్ద తోళ్ళ కర్మశాలలు వెలసినవి. అచ్చట ఈ చెక్కతో పదునుచేసిన ఆవుతోళ్ళు ఓడలలో లండనుకు పోయి, ఈస్టిండియా కిప్పులను పేరుతో అమ్ముడుపోయెడివి. చిన్నజాతి పశువు తోలును వారు కిప్పు అందురు. లేతవన్నె, మెత్తదనము, గట్టిదనము ఈ తోళ్ళ గుణములు. తంగేడుచెక్కతో చేసిన తోలు ఎండ తగిలిన ఎఱ్ఱబారును గనుక కడపట కరక్కాయ పెట్టి వన్నె నిలుపుచుండిరి. పల్లె చర్మకారుడు ఎఱిగిన కిటుకే కర్మశాలలోను పనికివచ్చినది.

ఈ వ్యాపారము పెరిగినకొలది తంగేటికి గిరాకి పెరిగినది. దూరపు మెట్టలలోని కూలివారు, స్త్రీలు, పిల్లలు కొమ్మలు నఱికి, పచ్చిగా నుండగనే చెక్క నొలిచి, ఎండబెట్టి, మోపులు కట్టి వర్తకులకు తూచిరి. అప్పటివఱకు ఊరి యాచారము ననుసరించి చర్మకారునకు చేరుచున్న పశుచర్మమునకును అంగడిలో ధర యేర్పడినది. పచ్చితోలు రైలెక్కి పట్టణమునకు పోయినది. పల్లెలోని లంద క్రమముగా ఎండినది. చేతిపని తెలిసినవారిలో పలువురు పట్టణపు కర్మశాలలో కూలివారైరి.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చుటతో బ్రిటిషు ప్రభుత్వము సైనికుల బూట్ల పైభాగములకై ఈ కిప్పులను పెద్దయెత్తున కొనుగోలు చేసినది. 1914 నుండి 1918 వఱకు ఫ్రాన్సు బురదలో నడచిన పాదములలో ఎన్నియో మన బీటినేలల తంగేటి వగరుతో గట్టిపడిన తోలును తొడిగినవే. ఆ చెక్క నొలిచిన చేతులు ఆ దేశము పేరైనను వినియుండవు.

ఇంతలో ప్రత్యర్థులు ఇద్దఱు వచ్చిరి. మొదటిది క్రోము లవణములతో తోలును పదునుపెట్టు రసాయనిక విధానము. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ 1903లో మద్రాసులో దీనిపై ప్రయోగములు మొదలుపెట్టెను. నీటిలో నానినను చెడదని మోటబొక్కెనలకును ఈ తోలును వాడిచూచిరి. వారముల పని దినములలో ముగియుట దీని ప్రధానలాభము. రెండవది దక్షిణాఫ్రికానుండి వచ్చిన వాటిల్ చెక్క. ఆస్ట్రేలియాలో పుట్టి, నేటాలులో తోటలుగా పెంచబడిన ఆ తుమ్మజాతి చెట్టు చెక్కలో వగరు తంగేటికి సుమారు రెట్టింపు. బీళ్ళలో అచ్చటచ్చట ఏరుకొనవలసిన చెక్క, తోటలనుండి ఓడలలో వచ్చు చెక్కతో పోటీ పడలేకపోయినది. రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమునుండియే తంగేటి ప్రాబల్యము తగ్గసాగినది. మద్రాసులోని అడయారులో 1948లో కేంద్ర చర్మపరిశోధనాలయమునకు శంకుస్థాపన జరుగునాటికే మన చర్మపరిశ్రమ క్రొత్తదారులు త్రొక్కియుండెను. అటుపిమ్మట పల్లెలకు విద్యుత్తు వచ్చినది, మోటలు ఆగినవి. తోలుబొక్కెన కుట్టించువారే లేరైరి.

క్రోము విజయమునకు వెల లేకపోలేదు. తమిళనాడులోని పాలారునది పరీవాహప్రాంతమున తోళ్ళకర్మశాలల మురుగు నేలను, బావులను చెఱచుటపై వేలూరు పౌరుల సంఘము సుప్రీంకోర్టు నాశ్రయించినది. 1996లో వచ్చిన ఆ తీర్పు మన పర్యావరణ న్యాయచరిత్రలో ప్రసిద్ధము. చెక్కతో చేయు పనిలోనూ మురుగు లేకపోలేదు. దానిలో క్రోము మాత్రము లేదు. అందుచేతనే చెట్టుసారములతో తోలు పదునుచేయు పాతపద్ధతులపై ఇప్పుడు మరల ఆసక్తి కలుగుచున్నది. ఈస్టిండియా తోలునకు ఈ శతాబ్దిలో భౌగోళికసూచిక గుర్తింపును లభించినది.

చెక్క ఇట్లు మఱుగునపడగా, పూవు మాత్రము నానాటికి పైకెక్కినది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిది దినముల పండుగలో తంగేడు లేని పళ్ళెముండదు. మగవారును పిల్లలును తెల్లవారుజామున పొలిమేరలకు పోయి పూలు కోసికొని వత్తురు. స్త్రీలు తాంబాళములో ఆకులు పఱచి తంగేడు, గునుగు, బంతి, చేమంతి, కట్లపూలను వరుసలు వరుసలుగా గోపురమువలె పేర్చుదురు. శిఖరమున గుమ్మడిపూవును, పసుపుగౌరమ్మను నిలుపుదురు. చప్పట్లు చఱచుచు, చుట్టును తిరుగుచు పాడి, కడకు చెరువులో వదలుదురు. తోటలో పెంచిన పూలకంటె బీటిలో పూచిన పూలకే ఈ పండుగలో పెద్దపీట. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప అదే సంవత్సరము తంగేడు రాష్ట్రపుష్పమైనది. బతుకమ్మ రాష్ట్రపు పండుగయైనది.

ఇది సంతోషింపదగిన విషయమే. కాని పూవునకు పట్టము కట్టినవారము, అదే పొద చెక్కతో ఊరి సేద్యమును నిలిపినవారి పనితనమును ఎంతవఱకు తలచుకొంటిమి? బతుకమ్మ పాటలను సేకరించిన గ్రంథములు కలవు, ధ్వనిముద్రణములు కలవు. లందలో చెక్క యెంత, నీరెంత, ఏ నెలలో కోసిన చెక్క మేలు అను జ్ఞానము మాత్రము కొద్దిమంది వృద్ధుల చేతులలోనే మిగిలియున్నది. వారితోనే అది పోవు ప్రమాదమున్నది.

ఇంతవఱకు విన్నవారికి ఈ మొక్కను తమ యింట పెంచవలెనను కోరిక కలిగినచో అది కష్టసాధ్యము కాదు. ఎండిన కాయలనుండి గింజలు తీయుడు. గింజపై పెంకు గట్టిది గనుక కాగి పొయ్యిమీదనుండి దించిన నీటిలో వేసి ఒక రాత్రి నాననిండు. తొలకరిలో నేరుగ నేలలో విత్తుట మేలు. తల్లివేరు లోతుగా దిగును గనుక పెరిగిన మొక్కను పెకలించి నాటినచో బ్రదుకుట కష్టము. మొక్కకు మొక్కకు రెండు మూడు మూరల ఎడముండవలెను. నిండుగా ఎండ తగులవలెను, నీరు నిలువరాదు. మొదటి వేసవిని దాటించినచో ఇక నీరు పోయు పనియుండదు. పూత ముగిసిన పిదప కొమ్మలను కత్తిరించినచో మఱుసటి యేట గుబురుగ చిగిర్చి నిండుగ పూయును. చెక్కకొఱకు పెంచువారు రెండు మూడేండ్ల వయసులో కొమ్మలను మొదటికి కోయుదురు. మోడు మరల చిగిర్చును.

ఇతర ప్రయోజనములును కలవు. తంగేడు రొట్టను మళ్ళలో త్రొక్కి పచ్చియెరువుగా వాడుట మన రైతులకు తరతరముల యలవాటు. చౌడునేలలను బాగుచేయుటకు దీనిని ముఖ్యముగ కోరుదురు. లేతకొమ్మ పండ్లుతోము పుల్లగా పనికివచ్చును. సింహళములో ఎండుపూలను, ఆకులను తేనీటివలె కాచి త్రాగుదురు. మధుమేహమునకు ఈ పూల కషాయము మంచిదని మన పల్లెలలో నమ్మకము కలదు. దీనిపై శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేయుచున్నారు. అంతమాత్రమున వైద్యుడిచ్చిన మందును మాని కషాయమును నమ్ముకొనుట తగదని శ్రోతలకు మనవి.

మఱియొక మనవి. పట్టణముల చుట్టును బీళ్ళు ఇండ్లస్థలములగుచున్నవి, బాటలు వెడల్పగుచున్నవి. ఒకప్పుడు ఊరు దాటగనే దొరకిన తంగేడును పండుగదినములలో అంగడిలో కొనుచున్నాము. పూలు కోయువారు కొమ్మలను విఱిచి తేకుండ, పొదపై నాలుగు గుత్తులైనను కాయకు వదలినచో మఱుసటి తరము మొక్కలకు గింజ మిగులును.

ఆనాటి వాన వెలసిన పిదప చెరువుకట్టపై ఆట జరిగినది. పాటలు చక్కగా నమోదైనవి. మఱునాడుదయము తిరుగు ప్రయాణమునకు ముందు మేము యంత్రముతో ఆ వృద్ధుని యింటికి మరల వెళ్ళితిమి. ఆయన తలపాగ చుట్టుకొని, రంపెను, ఆరెను ఎదుట పెట్టుకొని కూర్చుండి, సుమారు అరగంటసేపు చెక్కను గురించి చెప్పెను. నడుమ నొకమారు లోపలికి పోయి, అటకపైనుండి ఎండిన తంగేడుచెక్క యొకటి తెచ్చి, కొఱికి చూడుమని నా చేతికిచ్చెను. నాలుక పిడచగట్టునంతటి వగరు. ఎన్నేండ్లనాటిదని అడిగితిని. ఊరిలో కడపటి మోట ఆగిన యేటిదని ఆయన చెప్పెను.